టైమింగ్ బెల్ట్ జారితే: ఇంజిన్ నిజంగా పోయిందో లేదో తేల్చుకోవడం ఎలా?

దారిలో కారు ఒక్కసారిగా వణికి ఆగిపోతుంది. టో చేయించి షాపుకి పంపుతాం. సాయంత్రానికి ఫోన్ వస్తుంది: "టైమింగ్ బెల్ట్ జారింది, ఇంజిన్ పోయింది, వేరే ఇంజిన్ వేయాలి." ఏడెనిమిది వేల డాలర్ల మాట. అప్పుడు మనవాళ్ళు చేసేవి రెండే పనులు. సరేనని తల ఊపడం, లేదా కారుని వచ్చినకాడికి అమ్మేసి ఇంకో లోన్ నెత్తిన పెట్టుకోవడం. ఈ రెండింటికీ ముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాటికి జవాబులు అంకెల్లో వస్తాయి, మాటల్లో కాదు.

నేను మెకానిక్‌ని కాదు. డిగ్రీ ఎం.పి.సి.లో చదివి, పెళ్ళయ్యాక డల్లాస్ వచ్చి ఇల్లూ పిల్లల్నీ చూసుకుంటున్నదాన్ని. థర్మోడైనమిక్స్ పేపర్లో ఒట్టో సైకిల్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నానే గానీ ఆ బొమ్మ మా మినీవ్యాన్ బానెట్ కిందే రోజూ తిరుగుతోందని పదిహేనేళ్ళ తర్వాత గానీ తెలిసిరాలేదు. కిందటి చలికాలం మా వ్యాన్‌కి ఇదే జరిగింది. అప్పుడు నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ బెల్ట్ చేసే పనేమిటో చూద్దాం. ఇంజిన్ కింది భాగంలో పిస్టన్లని నడిపే క్రాంక్‌షాఫ్ట్ ఉంటుంది. పైన హెడ్‌లో వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ ఉంటుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా రెండింటినీ కలిపి ఉంచేదే లోపలి వైపు పళ్ళున్న ఈ రబ్బరు బెల్ట్. ఒకే రోట్లో ఇద్దరు చెరో రోకలితో దంచడం చూసే ఉంటారు. ఒకరి రోకలి లేచినప్పుడే ఇంకొకరిది దిగాలి. తాళం తప్పిందా, రోకలికి రోకలి తగులుతుంది. పిస్టన్, వాల్వు కూడా అంతే. సిలిండర్ పైభాగంలో ఒకే చోటుని వంతులవారీగా వాడుకుంటాయి.

అన్ని ఇంజిన్లలోనూ అవి తగులుకోవు. వాల్వు పూర్తిగా తెరిచి ఉన్నా, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినా మధ్యలో ఖాళీ మిగిలేలా చేసినవి కొన్ని. వాటిని నాన్ ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్లు అంటారు. వాటిలో బెల్ట్ తెగినా కారు ఆగుతుంది గానీ లోపల ఏమీ విరగదు, కొత్త బెల్ట్ వేస్తే సరిపోతుంది. ఆ ఖాళీ లేనివి ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్లు. మైలేజ్ కోసం, పవర్ కోసం కంప్రెషన్ పెంచుకుంటూ రావడంతో ఇప్పటి ఇంజిన్లు చాలావరకు ఈ రకమే. డీజిల్ ఇంజిన్లయితే దాదాపు అన్నీ ఇవే.

మనవాళ్ళ ఇళ్ళముందు ఎక్కువగా కనిపించే బళ్ళ సంగతి చెప్పాలంటే, హోండా ఒడిస్సీ, పాత పైలట్, అక్యూరా ఎం.డి.ఎక్స్.లలో ఉండే 3.5 లీటర్ల వీ6కి బెల్టే, అది ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్ కూడా. అకార్డ్ నాలుగు సిలిండర్లదైతే 2003 మోడల్ నుంచీ చైన్. క్యామ్రీ నాలుగు సిలిండర్లది 2002 నుంచీ, సియెన్నా 2007 నుంచీ చైన్. పాత సుబారు 2.5 లీటర్ల వాటికి బెల్ట్. చైన్ ఉంటే బెల్ట్‌లా ఇన్ని మైళ్ళకి మార్చాలన్న లెక్క లేదు గానీ, సాగితే అదీ జారుతుంది. జారాక చేసే పరీక్షలు రెండింటికీ ఒకటే.

జారడం వేరు, తెగడం వేరు

తెగినా, క్రాంక్ దగ్గర పళ్ళు కొట్టుకుపోయినా, ఇంజిన్ ఠక్కున ఆగిపోతుంది. మళ్ళీ తాళం తిప్పితే స్టార్టర్ మామూలుకంటే వేగంగా, తేలిగ్గా తిరుగుతుంది. ఖాళీ మిక్సీ జార్ తిరిగినట్టు ఒకే ఊపున 'ర్ర్‌ర్' మంటుందే తప్ప ఎప్పుడూ వినే ఆ దరువు ఉండదు. పిస్టన్ గాలిని నొక్కుతుంటే వచ్చేదే ఆ దరువు. నొక్కడానికి గాలి నిలవకపోతే దరువూ ఉండదు.

జారితే మాత్రం కథ అంత స్పష్టంగా ఉండదు. ఒక పన్ను జారితే ఎంత తేడానో చిన్న లెక్క. క్రాంక్ చక్రానికి 24 పళ్ళున్నాయనుకుంటే 360ని 24తో భాగించండి. ఒక పన్నుకి 15 డిగ్రీలు. చాలా ఇంజిన్లు ఒక పన్ను జారినా నడుస్తాయి. ఐడిల్‌లో వణుకు, ఎక్కుడు మీద లాగలేకపోవడం, పెట్రోల్ ఎక్కువ తాగడం, చెక్ ఇంజిన్ లైటు, అంతే. రెండు మూడు పళ్ళు జారితే స్టార్ట్ అవడమే కష్టం, అయినా దడదడలాడుతుంది. ఎన్ని పళ్ళకి పిస్టన్ వాల్వుకి తగులుతుందన్నది ఇంజిన్‌ని బట్టి ఉంటుంది. పక్కింటివాళ్ళ కారుకి రెండు పళ్ళు జారినా ఏమీ కాలేదంటే మన కారుకీ కాదని అర్థం కాదు.

స్కానర్ పెడితే సాధారణంగా పీ0016 నుంచి పీ0019 వరకు ఉన్న కోడ్‌లలో ఏదో ఒకటి వస్తుంది. క్రాంక్, క్యామ్ సెన్సర్లు చెప్పే లెక్కలు ఒకదానితో ఒకటి సరిపోలడం లేదని వాటి అర్థం. పీ0300 వరసలోవి మిస్‌ఫైర్ కోడ్‌లు. కానీ కోడ్ అనేది ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు. సెన్సర్ పాడైనా, వైరు తెగినా, వాల్వ్ టైమింగ్‌ని సర్దే ఆయిల్ వ్యవస్థలో మురికి పేరుకున్నా అవే కోడ్‌లు వస్తాయి. బెల్ట్ పై కవర్ విప్పి, గుర్తులు గుర్తులతో కలిశాయో లేదో కంటితో చూసేదాకా జారిందని కూడా అనుకోకూడదు. చాలా ఇంజిన్లలో ఆ పై కవర్‌ని పట్టి ఉంచేవి కొద్దిపాటి బోల్టులే.

మేం చేసిన తప్పు

రెండు వారాలుగా పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లపాటు గరగరమని శబ్దం వచ్చి ఆగిపోయేది. చలికి అనుకున్నాం. అది బెల్ట్‌ని బిగువుగా పట్టి ఉంచే హైడ్రాలిక్ టెన్షనర్ నుంచి వచ్చేది. లోపలి ఆయిల్ కారిపోతే రాత్రంతా ఆగి ఉన్నాక బిగువు తగ్గుతుంది, స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో బెల్ట్ వదులుగా కొట్టుకుంటుంది. అలాంటి ఒక పొద్దున పిల్లల్ని బడి దగ్గర దింపి వస్తుంటే సిగ్నల్ దగ్గర బండి వణికి ఆగింది. ఇంకోసారి తిప్పితే స్టార్ట్ అయింది. చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటోంది. ఇల్లు రెండు మైళ్ళే కదా అని అలాగే తోలుకొచ్చేశాను. ఆ రెండు మైళ్ళూ నేను చేయకూడని పని చేశాను.

తాళం తిప్పవద్దని ఎందుకంటారో తర్వాత అర్థమైంది. బెల్ట్ జారి ఉంటే ప్రతి చుట్టుకీ పిస్టన్ వాల్వుని తాకుతూనే ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ తాకే తాకిడీ పెరుగుతుంది. సగం పళ్ళు ఊడిన బెల్ట్ అయితే ఇంకా ప్రమాదం. మనం స్టార్టర్ తిప్పిన ప్రతిసారీ క్యామ్ కొద్దికొద్దిగా కదిలి, అప్పటిదాకా మూసి ఉండి తప్పించుకున్న వాల్వుల్ని కూడా తెరిచి పిస్టన్‌కి ఎదురు పెడుతుంది. అందుకే అనుమానం వచ్చిన చోటే ఆపి టో పిలవడం మంచిది. 'ఒకసారి స్టార్ట్ చేసి చూస్తాను' అనే మెకానిక్‌ని కూడా ఆపండి.

పరీక్షలు ఏ వరసలో చేయాలి

మొదటి షాపు వాళ్ళు కంప్రెషన్ టెస్ట్ చేశారు. మాది ఆరు సిలిండర్లది, మూడేసి చొప్పున రెండు వరసలు. వెనక వరసలో మూడూ 170 పైచిలుకు వచ్చాయి. ముందు వరసలో మూడూ వందకి లోపే. "ముందు వరసలో వాల్వులన్నీ వంగిపోయాయి, ఇంజిన్ మార్చాలి, 7,400 డాలర్లు" అన్నారు. మా వారు దాదాపు సరేననేశారు. నాకు ఒక్కటే తట్టింది. మూడూ ఒకేలా ఎందుకు తగ్గాయి? వాల్వులు వంగితే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వంగాలి కదా, అంకెలు గందరగోళంగా ఉండాలి కదా.

ఆ ప్రశ్న పట్టుకుని రెండు రాత్రులు చదివాను. విషయం ఇదీ. సిలిండర్‌లోకి గాలి వచ్చాక ఇన్‌టేక్ వాల్వు సరైన వేళకి మూసుకోవాలి. క్యామ్ వెనకబడితే అది ఆలస్యంగా మూసుకుంటుంది. ఈలోగా పిస్టన్ పైకి రావడం మొదలవుతుంది, వచ్చిన గాలిలో కొంత వెనక్కి వెళ్ళిపోతుంది. మిగిలిన గాలినే నొక్కుతుంది కాబట్టి గేజ్ మీద అంకె తగ్గుతుంది. అంటే వాల్వులన్నీ చక్కగా ఉన్నా, బెల్ట్ జారి ఉంటే చాలు, ఆ వరసంతా కంప్రెషన్ తక్కువే చూపిస్తుంది. జారిన బెల్ట్‌ని సరిచేయకుండా చేసిన కంప్రెషన్ టెస్ట్‌తో ఇంజిన్ చచ్చిందని తేల్చడం కుదరదు. మొదటి షాపు వాళ్ళు మోసం చేశారని నేననను. ఒక మెట్టు దాటేశారు, అంతే. కానీ ఆ మెట్టు ఖరీదు మాకు నాలుగు వేల డాలర్లు అయ్యేది.

దానికి విరుగుడు లీక్‌డౌన్ టెస్ట్. స్పార్క్ ప్లగ్ తీసేసి, పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్‌లో పూర్తిగా పైకి తెచ్చి, ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పంపుతారు. ఎంత శాతం గాలి బయటికి పోతోందో గేజ్ చూపిస్తుంది. ఆ స్థితిలో రెండు రకాల వాల్వులూ మూసుకుని ఉంటాయి. మూసుకున్న స్థితి దానికి అటూ ఇటూ చాలా డిగ్రీల దూరం వరకు ఉంటుంది కాబట్టి, ఒకటి రెండు పళ్ళు జారినంత మాత్రాన ఈ పరీక్ష తప్పు చెప్పదు. అంతకంటే ఎక్కువ జారినా, తెగినా, రాకర్‌లు వదులు చేసి, లేదా క్యామ్ తీసేసి వాల్వులన్నీ మూసి ఉండేలా చేసి పరీక్షించవచ్చు. అప్పుడు బెల్ట్‌తో పనే లేదు.

లీక్ ఎంతన్నదే కాదు, గాలి ఎటు పోతోందో కూడా వినాలి. థ్రాటిల్ దగ్గర బుస వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు. సైలెన్సర్ గొట్టం దగ్గర వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. ఆయిల్ పోసే మూత దగ్గర అయితే పిస్టన్ రింగులు. రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్ లేదా హెడ్‌లో పగులు. పక్క సిలిండర్ ప్లగ్ రంధ్రంలోంచి వస్తే ఆ రెండింటి మధ్య గ్యాస్కెట్. ఆయిల్ మూత దగ్గర కాస్త బుస మంచి ఇంజిన్‌లోనూ ఉంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు. పది శాతం లోపు లీక్ అయితే నిశ్చింత. ఇరవై దాటితే కారణం వెతకాలి. బాగా వంగిన వాల్వు అయితే యాభై, అరవై, ఒక్కోసారి పోసిన గాలంతా పోతుంది. కుక్కర్ మూత అంచు సొట్ట పడితే ఎన్ని గ్యాస్కెట్లు మార్చినా విజిల్ రాదు చూడండి, సరిగ్గా అదే.

క్యామ్ ఎటు జరిగిందో తెలిస్తే ఏ వాల్వుకి దెబ్బ తగిలి ఉంటుందో కూడా ఊహించవచ్చు. ఎగ్జాస్ట్ ముగిసి ఇన్‌టేక్ మొదలయ్యే వేళ పిస్టన్ పైన ఉంటుంది. క్యామ్ వెనకబడితే అప్పటికి ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా తెరిచే ఉంటుంది, దెబ్బ దానికి. ముందుకి జరిగితే ఇన్‌టేక్ వాల్వు త్వరపడి తెరుచుకుంటుంది, దెబ్బ దానికి. ఊహ వేరు, బుస వేరు. రెండూ ఒకే వాల్వు పేరు చెబితే ధైర్యంగా హెడ్ విప్పవచ్చు.

రెండో షాపులో పెద్దాయన మొదట కవర్ విప్పి ముందు వరస క్యామ్ గుర్తు రెండు పళ్ళు వెనక ఉండటం ఫోన్‌లో ఫొటో తీసి నాకు పంపాడు. తర్వాత ప్లగ్గులన్నీ తీసి క్రాంక్ బోల్ట్‌కి పొడవాటి రెంచ్ పెట్టి చేత్తోనే, ఇంజిన్ మామూలుగా తిరిగే దిక్కుకే, నెమ్మదిగా తిప్పాడు. గట్టిగా అడ్డు తగిలితే అక్కడే ఆగాలి, బలవంతంగా తోయకూడదు. లీక్‌డౌన్‌లో నాలుగో సిలిండర్ 6 శాతం, ఐదోది 38, ఆరోది 8. ఐదోదానిలో గాలి సైలెన్సర్ వైపు బుసకొడుతోంది. క్యామ్ వెనకబడింది, ఎగ్జాస్ట్ వాల్వు దెబ్బతింది, లెక్క కలిసింది. తర్వాత బెల్ట్‌ని గుర్తులకి కూర్చి కంప్రెషన్ మళ్ళీ చూస్తే 170, 105, 165. మూడు సిలిండర్లు పోయాయన్న ఇంజిన్‌లో నిజంగా పోయింది ఒక్కటే.

ఇక కంప్రెషన్ టెస్ట్ సరిగ్గా చేయడం గురించి రెండు మాటలు. ప్లగ్గులన్నీ తీసి ఉండాలి, బ్యాటరీ పూర్తి ఛార్జ్‌లో ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచాలి, పెట్రోల్, ఇగ్నిషన్ రెండూ ఆపేయాలి. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజిన్లలో మామూలుగా 150 నుంచి 200 పీఎస్ఐ మధ్య వస్తుంది. అన్నిటికంటే తక్కువది, అన్నిటికంటే ఎక్కువదానిలో 75 శాతానికి తగ్గకూడదు. తగ్గిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూస్తారు. అంకె పెరిగితే లోపం రింగుల్లో. కదలకపోతే వాల్వుల్లో, లేదా గ్యాస్కెట్‌లో. డీజిల్‌కి ఈ అంకెలు పనికిరావు, దాని కంప్రెషన్ చాలా ఎక్కువ, గేజ్ కూడా వేరే.

ప్లగ్ రంధ్రంలోంచి సన్నటి కెమెరా దింపి పిస్టన్ తల మీద నెలవంక ఆకారపు గీతలున్నాయా అని చూడటం కూడా ఉంది. ఉంటే తాకినట్టే. కానీ తాకినంత మాత్రాన వాల్వు వంగిందని కాదు. మా ఇంజిన్‌లో హెడ్ విప్పాక మూడు పిస్టన్ల మీదా గీతలు కనిపించాయి, వంగింది మాత్రం ఒక్క వాల్వే. అందుకని ఫొటో చూపించి ఇంజిన్ పోయిందంటే ఒప్పుకోకండి, అలాగే గీతల్లేవు గనక బాగుందన్నా ఒప్పుకోకండి. వాల్వ్ క్లియరెన్స్ చేత్తో సర్దే ఇంజిన్లలో ఇంకో దారి ఉంది. వంగిన వాల్వు పూర్తిగా మూసుకోదు కాబట్టి దాని దగ్గర సందు మిగతావాటికంటే ఎక్కువగా కొలుస్తుంది.

కొత్త బెల్ట్ వేసి, "నడుస్తోంది కదా, తీసుకెళ్ళండి" అనేవాళ్ళు ఇంకో రకం. కొద్దిగా వంగిన వాల్వుతో బండి నడుస్తుంది, నిజమే. కానీ అది సీటు మీద సరిగ్గా కూర్చోదు, వేడి దిగదు, అంచు కాలిపోతుంది. ఎప్పుడో ఒకరోజు తల విరిగి సిలిండర్‌లో పడితే పిస్టన్, హెడ్, గోడ అన్నీ నాశనం. అప్పుడు నిజంగానే ఇంజిన్ మార్చాలి. కాబట్టి చవకగా తేలిందని సంతోషించే ముందు కూడా అంకెలు అడగాలి.

హెడ్ విప్పాక, బిల్లు కట్టే ముందు

హెడ్ విప్పితే మెషిన్ షాప్‌కి పంపాలి. వంగిన వాల్వు మార్చడమే కాక వాల్వ్ గైడ్‌లలో పగుళ్ళు, సీట్లు, హెడ్ అడుగు సమతలంగా ఉందా అన్నవి వాళ్ళు చూస్తారు. ఈలోగా కింద పిస్టన్ తలలు చూడాలి, ప్రతి పిస్టన్ ఒకే ఎత్తుకి వస్తోందో కొలవాలి. ఒకటి తక్కువ ఎత్తుకి వస్తే కనెక్టింగ్ రాడ్ వంగినట్టు. అలా జరగడం అరుదు, జరిగితే మాత్రం ఇంజిన్ మార్చడమే మేలు. చాలా ఇంజిన్లలో హెడ్ బోల్టులు ఒక్కసారికే, పాతవి మళ్ళీ బిగించకూడదు.

ఎందుకు జారిందో కూడా తేలాలి. బెల్ట్ ఊరికే జారదు. టెన్షనర్ కారిందా, ఐడ్లర్ పుల్లీ బేరింగ్ పోయిందా, వాటర్ పంప్ బిగుసుకుందా, ఆయిల్ సీల్ కారి బెల్ట్ తడిసిందా? ఆ కారణం ఉంచేసి కొత్త బెల్ట్ ఒక్కటే వేస్తే మళ్ళీ అదే కథ. బెల్ట్, టెన్షనర్, పుల్లీలు, వాటర్ పంప్ అన్నీ కలిపి మార్చడం ఇందుకే. సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ వేయించుకోవాల్సి వచ్చినా, బండిలో దించే ముందే దానికి ఇవన్నీ కొత్తవి వేయించండి. దాని బెల్ట్ వయసు ఎవరికీ తెలీదు.

షాపుతో మాట్లాడేటప్పుడు మొదట డయాగ్నోసిస్‌కి మాత్రమే ఒప్పుకోండి, అదీ రాతపూర్వకంగా. సిలిండర్ వారీగా లీక్‌డౌన్ శాతాలు, గాలి ఎక్కడి నుంచి వచ్చింది, టైమింగ్ సరిచేశాక కంప్రెషన్ ఎంత, ఈ మూడూ కాగితం మీద కావాలనండి. ఇవ్వలేని షాపు నుంచి ఇంకో షాపుకి టో చేయించడానికి అయ్యే ఖర్చుకి వెనకాడకండి. పాత భాగాలు చూపించమని ముందే చెప్పండి. మామూలు కార్ ఇన్సూరెన్స్ ఇలాంటి అరుగుదల ఖర్చులు ఇవ్వదు. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంటే సర్వీస్ రసీదులు అడుగుతారు. మేం వ్యాన్‌ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం, బెల్ట్ మార్చినట్టు ఏ కాగితమూ లేదు, కాబట్టి ఆ దారి మాకు మూసుకుపోయింది. అంతా కలిపి 3,100 డాలర్లయింది. తక్కువేం కాదు.

హోండా వీ6 వాళ్ళు డాష్‌బోర్డ్ మీద మెయింటెనెన్స్ మైండర్‌లో '4' అంకె వస్తే అందులో టైమింగ్ బెల్ట్ కూడా ఉందని గుర్తుంచుకోండి. 110 ఫారెన్‌హీట్ దాటే ఎండల్లో తరచూ నడిపేవాళ్ళు 60,000 మైళ్ళకే మార్చమని వాళ్ళ మాన్యువల్ చెబుతుంది. మా డల్లాస్ ఎండలు ఏ ఏడాదికి ఎలా ఉంటాయో చెప్పలేం, నేనైతే ఆ చిన్న లెక్కే పట్టుకుంటాను. మైళ్ళు తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. ఊళ్ళో అమ్మానాన్నల ఇంటి ముందు నెలకోసారి గుడికి మాత్రమే బయల్దేరే కారు ఉంటే దాని సంగతీ అడగండి. రెనో డస్టర్ 1.5 డీజిల్ లాంటి వాటికి బెల్టే, అదీ ఇంటర్‌ఫియరెన్స్ డీజిల్. మా నాన్నగారిని అడిగితే "తిరిగింది ముప్ఫై వేలేగా అమ్మా" అన్నారు. కొని తొమ్మిదేళ్ళయింది. మొన్న సంక్రాంతికి మార్పించాం.

బెల్ట్ మార్చిన తేదీ, మైలేజ్ ఒక స్టిక్కర్ మీద రాసి బెల్ట్ కవర్ మీదే అంటించమని మెకానిక్‌ని అడగండి. కారు అమ్మేసినా అది దాంతోనే వెళ్తుంది, కొన్నవాళ్ళు మాలాగా తడుముకోనక్కర్లేదు.